పచ్చి సున్నం

ఆదెయ్య గోలెంలో సున్నం నానబెట్టాడంటే ఆసుపత్రికి ఎవరో పెద్దవాళ్ళు వస్తున్నట్టే. మంత్రి అయినా, కలెక్టరు అయినా, వాళ్ళ కారు ఊళ్ళోకి రాకముందే గన్నేరులంక ప్రసూతి ఆసుపత్రిలోకి సున్నం వాసన వచ్చేస్తుంది. ఆ సోమవారం పొద్దున్న మూడేళ్ళ కెజియాను చంకనెత్తుకుని గేటు దాటుతుండగానే దీవెన ముక్కుకు ఆ వాసన తగిలింది. కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి.

గుల్ల సున్నం, నానిన కరక్కాయ, బెల్లం నీళ్ళు. ఈ మూడూ కలిసిన వాసన ఆమెకు అమ్మ వాసనే. సలోమమ్మ ఈ ఆసుపత్రిలో ఇరవై తొమ్మిదేళ్ళు ఆయాగా చేసింది. బడి లేని రోజున దీవెన డ్యూటీ గదిలో ఇనప మంచం కింద బొంత పరుచుకుని పడుకునేది. వీపుకు గోడ చల్లగా తగులుతుంటే పక్కనున్న కాన్పుల గదిలోంచి అమ్మ గొంతు వినపడేది.

"ఊపిరి బిగబట్టకే తల్లీ, నోటితో వదులు. ఇంకొక్క నొప్పి. అదుగో, వచ్చేత్తన్నారు మారాజుగారు!"

మారాజు కాక మారాణి వచ్చినా ఆ గొంతులో సంబరం పిసరంత కూడా తగ్గేది కాదు.

అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఫోటోలు రెండున్నాయి. గొంతు మాత్రం ఎక్కడా లేదు. ఫోనులో పట్టి దాచుకుందామని ఎప్పుడూ తోచలేదు. రోజూ వినపడే గొంతును దాచుకోవాలని ఎవరికి మాత్రం తోస్తుంది?

"ఏం బాబాయ్, ఈసారి ఎవరంట?" అని అడిగింది ఆదెయ్యను.

"భలేదానివే! నీకోసమేనంట గదా. నువ్వు రాసిన కాయితానికి పైనించి కమిటీ ఒత్తాంది. పెళ్ళికూతురొచ్చి పెళ్ళెవరిదని అడిగినట్టుంది." ఆదెయ్య కుంచెతో గోలెం అంచు మీద తట్టాడు. "డ్యూటీ గది ఒక్కటీ కొట్టమన్నారు. వచ్చే సోమవారం ఆ గోడ చెక్కేసి టైల్సు వేత్తారంట. వారం రోజుల ముచ్చటకి సున్నం ఎందుకండీ అంటే, పెద్దోళ్ళొత్తే కొట్టడం ఆనవాయితీ, నోరుమూసుకుని కొట్టు అన్నారు."

"బుధవారం విచారణని తెలుసు గానీ, దానికీ సున్నం కొడతారనుకోలేదు. అప్పటికి ఆరుద్దా?"

"ఆరడం కాదే, పట్టేత్తది. బజార్లో సున్నానికి వారం కావాలి. మనది పొద్దున కొడితే సాయంత్రానికి గోరు దిగదు. మా తాత కలిపినట్టే కలుపుతాను మరి. మీ అమ్మకి తెలుసు. సున్నం కొట్టిన పూట ఆ గదిలో ఎవర్నీ తిట్టనిచ్చేది కాదు. కొత్త గోడ ముందు మంచి మాటలే ఆడాలనేది."

దీవెన నవ్వబోయింది. వెనకనుంచి గొంతు వినపడి ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

"ఏంటే, తిరణాలకొచ్చినట్టు నిలబడిపోయావ్? పిల్లని ఆసుపత్రికి తేవద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

నర్సులందరికీ పెద్ద, హైమవతి మేడమ్. తెల్లచీర మడత నలగకుండా వరండా మెట్టు మీద నిలబడి ఉంది.

"అంగన్‌వాడీ తెరిచేదాకానండీ మేడమ్. తొమ్మిదింటికల్లా దిగబెట్టేత్తాను."

"అవునులే. నువ్విప్పుడు రాజధానికి ఉత్తరాలు రాసేదానివి. మా మాటలు నీ చెవికెక్కుతాయా?"

కెజియా తల్లి మెడలో మొహం దాచుకుంది. పిల్ల ఒళ్ళు వెచ్చగా ఉన్నట్టనిపించింది దీవెనకు. నుదుటి మీద చెయ్యి వేసి చూసింది, మెడ మీద వేసి చూసింది. జ్వరమో, ఎండో తెలియలేదు.

*

ఆ ఉత్తరం రాయడానికి ఆమెకు నాలుగు సాయంత్రాలు పట్టింది. నర్సింగు రెండో ఏడాదిలో ఉండగా అమ్మకు జబ్బు చేసి చదువు ఆగిపోయింది. అమ్మ పోయాక పెళ్ళి, ఆ వెనకే కెజియా. పుస్తకాలు అటకెక్కాయి. చివరికి అమ్మ చేసిన ఉద్యోగంలోనే, కాంట్రాక్టు మీద, ఆయాగా చేరింది. రాసింది ఇది:

ఫిబ్రవరిలో ఒక కాన్పు అయ్యాక బిడ్డను గుడ్డలో చుట్టి తల్లి పక్కలో పెట్టబోతుంటే, హైమవతి మేడమ్ నా చేతుల్లోంచి లాక్కున్నారు. పుట్టీ పుట్టగానే బిడ్డకి పేట చేతులేంటే, నువ్వు నేల చూసుకో అన్నారు. అప్పటినుంచి నాకు నేల తప్ప వేరే పని లేదు. నా గ్లాసు కిటికీ మీద బోర్లించి ఉంటుంది. బిడ్డలకు నీళ్ళు పొయ్యడం ఆయా పని. మా అమ్మ చేతుల మీదుగా ఈ ఊళ్ళో సగం మంది పుట్టారు.

చివరి వాక్యం అవసరమా అని మొగుడు ప్రభుదాసు అడిగాడు. ఉండనీ అంది.

సాక్షులు ఎవరూ లేరు. చూసిన నర్సులిద్దరూ ఆ పూట తాము మందుల గదిలో ఉన్నామన్నారు. అయితే ఈ రోజుల్లో సాక్షులతో పని లేదు. వినికిడి పెట్టె వచ్చి రెండేళ్ళయింది. సున్నం గోడ ఆరేటప్పుడు గాలి పీల్చుకుంటుందట. ఆ గాలిలో వణికిన మాట కూడా లోపలికిపోయి రాయిలా గడ్డకడుతుందట. మూడు నాలుగు నెలలపాటు గోడ వింటుంది, తర్వాత చెవుడొస్తుంది, మళ్ళీ సున్నం కొడితే మళ్ళీ వింటుంది. ఏడాదికో పొర. పెట్టెలోని నీలికాంతి గోడ మీద ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిస్తే ఆ పొర తనకు గట్టిగా పట్టిన మాటల్నే రోజుల వరసన మాట్లాడుతుంది. మాట్లాడినంత మేరా పొడిగా రాలిపోతుంది. రాలిన మాట మళ్ళీ దొరకదు. కమిటీ సంబంధం ఉందని గుర్తుపెట్టినదే రికార్డులో మిగులుతుంది.

కాన్పుల గదిలో జనవరిలో, మంత్రిగారి రాకకు ముందు పాతదంతా గీకించి సున్నం కొట్టారు. అంటే ఫిబ్రవరి మాట గోడలో ఉంది. ఆ తర్వాత మూడు గోడలకు టైల్సు అంటించేశారు కాబట్టి కాలువ వైపు గోడ ఒక్కటే మిగిలింది. ఆ ఒక్క గోడ చాలనుకుంది దీవెన.

*

మంగళవారం మధ్యాహ్నం కమిటీ దిగింది. కమిటీ అంటే ఇద్దరే. ఛైర్మన్‌గా విశ్రాంత అధికారి సదాశివరావుగారు, పెట్టె నడిపే వహీదా. ఆమెకు పాతికేళ్ళుంటాయేమో. పెట్టెను పాలబిడ్డను మోసినట్టు రెండు చేతులతో మోసుకొచ్చి కాన్పుల గదిలో స్టాండు బిగించుకుంది. గదిని ఆ రెండు రోజులూ ఖాళీ చేయించి కాన్పులు పక్క వార్డుకు మార్చారు.

నేల తుడుస్తున్న దీవెనను చూసి వహీదా అడిగింది. "అక్కా, ఈ త్రాసు మీద సెలైన్ సీసా ఎందుకు పెట్టారు? మందుల బీరువాలో ఉండాలి కదా."

"అది మా అమ్మ అలవాటండి. బిడ్డని తూచే ముందు అర లీటరు సీసా పెట్టి చూసేది. ముల్లు అరకిలో దగ్గర నిలబడితేనే బిడ్డని పెట్టేది. అందరూ నవ్వేవారు. ఓసారి ముల్లు కిలో చూపించిందండి. అంతకుముందే వేరేవాళ్ళు తూచిన పిల్లని మళ్ళీ తెప్పించి వేరే త్రాసులో పెడితే రెండు కిలోలే ఉంది. బాగానే ఉందని ఇంటికి పంపేత్తన్నారు దాన్ని. సున్నం కొట్టే ఆదెయ్య మనవరాలే. ఇప్పుడు పదో తరగతి."

"మీ అమ్మగారు ఇప్పుడు..."

"లేరండి."

వహీదా కాసేపు పెట్టె అద్దం తుడిచింది. తర్వాత తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "అక్కా, రూల్సులో ఒకటుంది. ముందుగా ఎవరూ చెప్పరు. ఫిర్యాదు చేసినవాళ్ళు తమ తరఫున ఒక గోడలో ఒక పొర అడగొచ్చు. ఏ గోడైనా సరే, ఏ ఏడాదైనా సరే. దాన్ని ఛైర్మన్‌గారు ఆపలేరు, వేగం మార్చలేరు. నేరుగా పై ఆఫీసుకు పోతుంది. మీ కాపీ మీకిస్తాను. ఫిబ్రవరి మాట ఎలాగూ రేపు బయటపడుతుంది. ఇది మీరు..." అని ఆగింది. "డ్యూటీ గదిలో మీ అమ్మగారి కాలం నాటి పొరలున్నాయి కదా."

తడిగుడ్డ దీవెన చేతిలోంచి జారి బకెట్లో పడింది.

అమ్మ గొంతు. చివరి ఏడాది పొర. అప్పటికి అమ్మకు దగ్గు పట్టుకుంది, అయినా కాన్పు పడితే దగ్గు మింగేసి నవ్వేది. కెజియా అమ్మమ్మను చూడలేదు. ఇప్పుడు వింటుంది. ఆ ఊహకే దీవెనకు కళ్ళు మసకబారాయి.

"పెట్టెలో దీపం ఒక్క పొరకే సరిపోతుంది, రేపటి విచారణ అయ్యాక. జాగ్రత్తగా ఎంచుకోండి" అంది వహీదా.

"ఎంచుకోవడానికేముందండీ!" అంది దీవెన.

భోజనాలు డ్యూటీ గదిలో పెట్టారు. కాలువ గాలి తగిలే గది అదొక్కటే. వహీదా పెట్టె వదిలి రాలేదు. వడ్డన హైమవతి మేడమే స్వయంగా చూసుకుంది. దీవెన వరండాలో నేల తుడుస్తుంటే లోపలినుంచి నవ్వులు వినపడ్డాయి. తర్వాత తలుపు మూసుకుంది. అరగంట తర్వాత సదాశివరావుగారు పళ్ళు కుట్టుకుంటూ బయటికొచ్చి, ఆమెను చూసి ఎంతో మర్యాదగా తలూపాడు.

"నువ్వేనామ్మా దీవెన? భయపడకు. మేం బయటివాళ్ళం. మాకు ఇటూ లేదు, అటూ లేదు."

ఆ మాటకు ఆమెకు నిజంగానే ధైర్యం వచ్చింది. నమస్కారం పెట్టింది. ఎంగిలాకులు తీయడానికి లోపలికెళ్ళింది. బల్ల మీద పూతరేకుల పెట్టె ఖాళీగా ఉంది. దాని కింద పళ్ళెంలా పరిచిన కాగితం నిండా నెయ్యి మరకలు, పూతరేకుల పొడి. కాగితం ఎత్తి దులిపింది. తన అక్షరాలే. 'మా అమ్మ చేతుల మీదుగా' దగ్గర నెయ్యి ఇంకి అక్షరాలు అవతలికి కనబడుతున్నాయి.

వాళ్ళ దగ్గర ఇంకో కాపీ ఉంటుందిలే అని సర్దిచెప్పుకుంది. కాగితం మడిచి రవికలో పెట్టుకుంది.

సాయంత్రం అంగన్‌వాడీ టీచరు కెజియాను తెచ్చి అప్పగించింది. పిల్లకు ఒళ్ళు కాలిపోతోంది. డ్యూటీ దిగడానికి ఇంకా గంటుంది. హైమవతి మేడమ్ ఇంటికెళ్ళిపోయింది కదా అని డ్యూటీ గదిలో ఆ ఇనప మంచం కిందే, తాను పడుకున్న చోటే పిల్లను పడుకోబెట్టి తడిగుడ్డ వేసింది. మందు చేదని కెజియా గుక్కపట్టింది. పెదాలు నీలంగా మారుతున్నట్టనిపించి దీవెన పిల్లను ఒళ్ళోకి లాక్కుంది.

ఏం చెయ్యాలో తోచక ఏదో అంది. పిల్ల వీపు రాస్తూ, ఊపుతూ, నోటికేదొస్తే అది. ఏమందో తర్వాత గుర్తులేదు. పిల్ల మాత్రం నిద్రపోయింది. కొత్త గోడ మీద సాయంత్రం ఎండ పడి పాలమీగడలా మెరిసింది. ఊరికే వేలితో ముట్టుకుంది. గట్టిగా ఉంది.

*

బుధవారం పదింటికి విచారణ. కాన్పుల గదిలో నాలుగు కుర్చీలు వేశారు. దీవెన కూర్చోలేదు, కూర్చోమని ఎవరూ అనలేదు కూడా. ముందు రోజు సాయంత్రమే జ్వరం దిగిన కెజియాను ఆదెయ్య వరండాలో ఆడిస్తున్నాడు.

వహీదా మీట నొక్కింది. నీలికాంతి గోడ అంచున పడింది. సన్నగా ముగ్గుపిండి రాలినట్టు పొడి రాలడం మొదలైంది. ఆ వెంటే గోడ మాట్లాడింది.

ముందు మంత్రిగారి రాక. చప్పట్లు. ఎవరో తల్లి మూలుగు. పసిబిడ్డ ఏడుపు, ఇంకో ఏడుపు. దూరంగా కాలువలో పడవ మోటారు. జనవరి గడిచింది. దీవెన కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. ఇప్పుడొస్తుంది. తన మాట కూడా వినపడుతుంది. ఆ రోజు తానేమంది? 'అలాగేనండీ మేడమ్' అంది. అంతే అంది. ఆ మాట వినాలంటే సిగ్గేసింది.

సదాశివరావుగారి చేతిలో చిన్న మీటల పలక ఉంది. వెనక్కి వాలి కూర్చుని, నిద్ర వస్తున్నవాడిలా బొటనవేలు కదిపాడు.

గోడలోంచి ఈగలు ముసిరినట్టు ఒకటే రొద. మాట లేదు. ముక్క కూడా లేదు. నీలికాంతి గోడ మీద పరుగెత్తింది. పొడి మాత్రం జలజలా రాలింది. దీవెన నోరు తెరిచేలోపే ఫిబ్రవరి నేల మీద కుప్పగా పడింది.

"అయ్యో, ఏమైందండీ?" అంది.

"పెట్టె కొంచెం వేడెక్కినట్టుంది" అన్నాడాయన. "వహీదా, రాసుకో. ఫిబ్రవరి నెలలో అభ్యంతరకరమైన మాటలేవీ వినపడలేదు."

వహీదా కలం పట్టుకుంది. రాయలేదు. ఆమె చూపు ఆయన బొటనవేలి మీదే ఉంది.

"రాసుకోమ్మా. నీ కాంట్రాక్టు కూడా ఈ నెలాఖరుకే కదా" అన్నాడు ఆప్యాయంగా.

ఆమె రాసింది.

"వినపడలేదాండీ? మీరు విననియ్యలేదండీ!" అంది దీవెన.

"చూశారా సార్, ఇదీ దీని వరస" అంది హైమవతి. తర్వాత నేల వైపు చూసి, రోజూ చెప్పే మాటే చెప్పింది. "ముందా పొడి ఎత్తెయ్, కాళ్ళకి తగులుతోంది."

దీవెన అలవాటుగా చీపురు తీసుకుంది. వంగి ఊడవడం మొదలుపెట్టింది. రెండు దోసిళ్ళ పొడి. ఆ రోజు గదిలో పుట్టిన బిడ్డ ఏడుపు ఇందులో ఉంది. మేడమ్ మాట ఉంది. తన 'అలాగేనండీ' ఉంది. తన సాక్ష్యాన్ని తన చీపురుతోనే చేటలోకి ఎత్తుకుంది.

చేట గోడవారగా పెడుతుంటే త్రాసు కనపడింది. దాని మీద సెలైన్ సీసా.

"సరే, ఒక లాంఛనం మిగిలింది" సదాశివరావుగారు కాగితం చదివాడు. "ఫిర్యాదుదారు తన తరఫున ఒక గోడలో ఒక పొర కోరవచ్చు. చూడమ్మా, నీ మీద మాకేం కోపం లేదు. డ్యూటీ గదిలో మీ అమ్మ గొంతుందట కదా. అడుగు. హాయిగా విని, కాపీ తీసుకుని ఇంటికెళ్ళు. సోమవారం ఆ గోడ చెక్కేస్తారట, తర్వాత కావాలన్నా దొరకదు."

"అంతకంటే ఏం కావాలే నీకు?" అంది హైమవతి. ఈసారి గొంతు మెత్తగానే ఉంది.

నలుగురూ డ్యూటీ గదిలోకి వచ్చారు. వహీదా పెట్టె బిగించింది. తెల్లటి గోడ. నీలిమందు కలిపిన తెలుపు. దాని కింద పొర మీద పొర, అమ్మ ఇరవై తొమ్మిదేళ్ళు. ఆరు పొరలు గీకితే అమ్మ. ఊపిరి బిగబట్టకే తల్లీ. గోడకు చెంప ఆనిస్తే ఇప్పుడే వినపడేలా ఉంది.

"అమ్మగారి చివరి ఏడాదే కదా అక్కా? పై పొరలు గీకేస్తాను" అంది వహీదా.

గీకేస్తాను. ఆ మాట దగ్గర దీవెన ఆగింది. పై పొర అంటే సోమవారం ఆదెయ్య కొట్టింది. మంగళవారం మధ్యాహ్నం ఈ గదిలో తలుపు మూసుకుని ఇద్దరు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో తనకు తెలియదు. చేపల పులుసు గురించే కావచ్చు. అప్పుడు అమ్మా పోతుంది, ఉద్యోగమూ పోతుంది. రవికలో కాగితం గుచ్చుకుంది. నెయ్యి వాసన.

అమ్మైతే ఏం చేసేది? అమ్మ ఎవరి మాటా కాదనేది కాదు, ఎవరితోనూ గొడవ పడేది కాదు. కానీ ఎంత పెద్ద డాక్టరమ్మ తొందరపెట్టినా, బిడ్డ ఎంత ఏడ్చినా, ముందు సీసా పెట్టి త్రాసును చూసేది. తర్వాతే బిడ్డ.

"అమ్మది వద్దండి" అంది. తన గొంతు తనకే దూరంగా వినపడింది. "పైదే కావాలండి. మొన్న సోమవారం కొట్టింది."

సదాశివరావుగారు నవ్వేశాడు. "పిచ్చిపిల్లా! పచ్చి సున్నమమ్మా ఇది. వారం దాకా దీనికేం పట్టదు. అనవసరంగా నీ అవకాశం పాడుచేసుకోకు."

"బజారు సున్నానికండి వారం. ఇది ఆదెయ్య బాబాయి కలిపింది. కరక్కాయ, బెల్లం. సాయంత్రానికే పట్టేత్తదండి."

గుమ్మంలో కెజియాను ఎత్తుకుని నిలబడ్డ ఆదెయ్య దగ్గాడు. "ఆయ్. పొద్దున కొడితే సాయంత్రానికి గోరు దిగదండి."

వహీదా గోడ మీద గోరు పెట్టి గీసింది. గీత పడలేదు. ఛైర్మన్ వైపు చూడకుండా మీట నొక్కింది.

చాలాసేపు ఏమీ లేదు. సాయంత్రం గోలెం కడుగుతున్న చప్పుడు, ఆదెయ్య కూనిరాగం, కాకుల గోల. హైమవతి గడియారం చూసుకుంది. పొడి రాలుతోంది. దీవెన కళ్ళు మూసుకుంది. పోయింది, అమ్మను పోగొట్టుకున్నాను అనుకుంది.

అప్పుడు గోడ సదాశివరావుగారి గొంతుతో మాట్లాడింది.

"నిశ్చింతగా మాట్లాడండి మేడమ్. పచ్చి సున్నం ఇది, వారం దాకా దీనికి చెవులు రావు. ఆహా, పూతరేకులంటే మీ ఊరివే!"

కుర్చీలో ఉన్న సదాశివరావుగారి చెయ్యి మీటల పలక మీదికి పోయింది. ఒకటి నొక్కాడు, మరోటి నొక్కాడు. ఈ పొరకు ఆ మీటలు పనిచెయ్యవు.

"ఫిబ్రవరి విషయం సార్..." హైమవతి గొంతు. "నోరు జారాననే అనుకోండి. ఇంట్లో పద్ధతులు అలాంటివి. ఆ చేతుల్లో బిడ్డని చూస్తే ఒళ్ళు జలదరించింది."

"దానికేముంది. ఫిబ్రవరి వచ్చేసరికి కొంచెం వేగం పెంచితే సరి. మేం బయటివాళ్ళమే అనుకోండి, కానీ మమ్మల్ని పిలిచేది మీ శాఖే కదా. పిలిచిన ఇంటి పరువు తీస్తే రేపు ఇంకో ఇంటికి ఎవరు పిలుస్తారు? ఏదీ, ఇంకోటి ఇలా ఇవ్వండి. కాగితం ఉందా, పొడి రాలుతోంది... ఆ, ఇది చాల్లెండి."

హైమవతి తెల్లచీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడనే చూస్తోంది, అది పాములా లేచి నిలబడ్డట్టు. దీవెన రవికలోంచి కాగితం తీసి, మడత విప్పి, బల్ల మీద పెట్టింది. నెయ్యి మరకలు పైకి కనపడేలా.

"ఆపెయ్ వహీదా" అన్నాడు సదాశివరావుగారు. ఆ గొంతులో ఇప్పుడు ఆప్యాయత లేదు.

"పొర పూర్తయ్యేదాకా ఆపకూడదండి. రూలు."

వెలుగు ఇంకా జానెడు దూరం నడవాల్సి ఉంది. తలుపు తెరిచిన చప్పుడు, ఆకులు తీస్తున్న చప్పుడు, చాలాసేపు కాలువ గాలి. తర్వాత ఒక పసిపిల్ల గుక్క. ఆ గుక్క మీదుగా ఒక ఆడగొంతు.

"ఊపిరి బిగబట్టకే తల్లీ. నోటితో వదులు. ఇంకొక్కసారి. అదుగో, వచ్చేత్తంది మారాణిగారు! ఏదీ, ఏదీ మా బంగారం..."

దీవెన గోడను పట్టుకుంది. అదే సాగదీత. 'మారాణి' దగ్గర అదే నవ్వు, లోపల దగ్గు దాచుకున్నట్టు ఉండే అదే చిన్న జీర. "అమ్మా" అంది, గదిలో అందరూ ఉన్నారన్నది మరిచిపోయి.

"సలోమమ్మే!" ఆదెయ్య తలపాగా తీసేశాడు. "అడుగు పొర గానీ కదిలిందా ఏంటండీ?"

వహీదా పెట్టె మీది అంకెలు చూసింది. మళ్ళీ చూసింది.

"లేదు బాబాయ్. పై పొరే. నిన్న సాయంత్రం అయిదున్నర." దీవెన వైపు తిరిగింది. "అక్కా, అది మీరు."

దీవెనకు అర్థం కాలేదు. మన గొంతు బయటినుంచి మనకెప్పుడు వినపడుతుంది గనక? ఆదెయ్య చంకలోంచి కెజియా మాత్రం చెయ్యి చాపి, ఇందులో వింతేముందన్నట్టు, గోడను కాకుండా తల్లినే చూపించింది.

చివరి పొడి రాలిపోయింది. వెలుగు ఆరిపోయింది.

*

సోమవారం టైల్సు వాళ్ళు వచ్చి గోడ చెక్కేశారు. అమ్మ ఇరవై తొమ్మిదేళ్ళూ రెండు తోపుడుబండ్ల సున్నపు పెళ్ళలుగా గేటు బయటికి పోయాయి. దీవెన వరండాలో నిలబడి ఆ బండ్లు మలుపు తిరిగేదాకా చూసింది. ఏడ్చింది కూడా. తెలిసే ఇచ్చుకున్నా, పోయింది పోయినట్టే ఉంటుంది.

విచారణ మీద విచారణ వేశారు. సదాశివరావుగారు అంతకుముందు తేల్చిన పదకొండు ఆసుపత్రుల కాగితాలు మళ్ళీ తెరుస్తున్నారని, ఆయన 'వినపడలేదు' అని రాసిన చోటల్లా ఫిర్యాదు చేసినవాళ్ళను పిలుస్తున్నారని వహీదా ఫోను చేసి చెప్పింది. హైమవతి మేడమ్‌ను వేరే ఊరికి పంపారు. అక్కడ ఇంకెవరి గ్లాసు కిటికీ మీదికెక్కిందో దీవెనకు తెలియదు. తనకు మాత్రం కాంట్రాక్టు ఆరు నెలలకే పొడిగించారు. ఆరు నెలల తర్వాత ఏమిటన్న గుబులు ఉండనే ఉంది.

రెండు నెలలు పోయాక ఒక మధ్యాహ్నం కాన్పుల గదిలోంచి కొత్తగా వచ్చిన సిస్టర్ కేక వేసింది. "దీవెనా, నేల తర్వాత తుడుద్దువుగానీ, ఇలా రా. బిడ్డను తీసుకో."

చేతులు కడుక్కుని వెళ్ళింది. గుడ్డలో చుట్టిన ముద్ద చేతుల్లోకి వచ్చింది. వేడిగా, జారుతూ, గుక్కపట్టి. ఫిబ్రవరి తర్వాత ఇదే మొదటిసారి. బిడ్డను ఎడమ భుజాన వేసుకుని త్రాసు దగ్గరికి నడిచింది.

"త్వరగా పెట్టమ్మా, బరువు రాసుకోవాలి" అంది సిస్టర్.

"ఒక్క నిమిషం సిస్టరుగారూ."

కుడిచేత్తో సెలైన్ సీసా ఎత్తి పళ్ళెంలో పెట్టింది. ముల్లు ఊగింది. అటూ ఇటూ తూగి, నిదానించి, అరకిలో దగ్గర నిలబడింది. సీసా తీసేసింది.

"ఊపిరి బిగబట్టకురా తండ్రీ" అంది, బిడ్డను దించుతూ. ఈసారి ఆ గొంతును ఆమె కూడా పోల్చుకుంది.